స్టేషను పుస్తకంలో సంతకం

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పితులే. ఒకరు పాడేరు వైపు బళ్లలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన మేనకోడలు, లా చదువుతున్న పిల్ల. వాళ్ల నోట వచ్చే తేదీలు, పేర్లు మాత్రం కల్పన కాదు. మాస్టారు ఒక చార్టు కాగితం తీసుకుని పైన '1922' అని రాశారు. నడిమికి గీత కొట్టి ఎడమవైపు ఐర్లండు, కుడివైపు మన్యం అని పేర్లు పెట్టి, ఏ నెలలో ఎక్కడ ఏం జరిగిందో బడిపిల్లల కోసం నింపుకుంటూ వచ్చారు. ఆ పిల్ల వచ్చి కాగితం చూసింది. తగువు అక్కడ పుట్టింది.

మేనకోడలు: మావయ్యా, ఐర్లండు గడి జనవరి నుంచే కిక్కిరిసి ఉంది. మన్యం గడి ఆగస్టు దాకా ఖాళీ. అరకు నుంచి రంపచోడవరం దాకా ఇన్ని కొండలు, ఇన్ని గూడేలు. ఏడున్నర నెలలు ఎక్కడా ఏమీ జరగలేదంటారా? అయినా వాళ్లకీ మనకీ ఏం చుట్టరికం?

మాస్టారు: ఇద్దరి నెత్తినా ఒకే రాజు కూచున్నాడమ్మా, అదే చుట్టరికం. మనవాళ్లు ఆ దేశం మొహం చూడనివాళ్లూ కారు. బరంపురం నుంచి వెళ్లి డబ్లిన్‌లో లా చదివిన వి.వి.గిరిని 1916లో దేశం వదిలి పొమ్మన్నారు. తరవాత ఆయన మనకు రాష్ట్రపతి అయ్యాడు. సరే, 1922 చూడు. జనవరి 7న వాళ్ల సభ బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని 64–57 ఓట్లతో ఒప్పుకుంది. 16న డబ్లిన్ కోటను ఇంగ్లీషువాళ్లు అప్పగించారు. ఒప్పందం గిట్టనివాళ్లు ఫోర్ కోర్ట్స్ భవనంలో మకాం వేస్తే, జూన్ 28న, ఒప్పందం వైపు నిలిచిన మైకేల్ కాలిన్స్ మనుషులే ఇంగ్లీషువాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న ఫిరంగులతో దాన్ని కొట్టారు. నిన్నటిదాకా భుజం భుజం కలిపి పోరాడినవాళ్లు ఒకరినొకరు చంపుకున్న ఏడాది అది. ఆగస్టు 22 సాయంత్రం కార్క్ జిల్లాలో బేల్ న బ్లా అనే లోయదారిలో మాటు వేసి కాల్చారు, కాలిన్స్ పోయాడు. 31 ఏళ్లవాడు. సరిగ్గా ఆ ఆగస్టు 22నే మన చింతపల్లి పోలీసు స్టేషను మీద సీతారామరాజు దళం పడింది. అక్కడితో అయిపోలేదు. ఐరిష్ స్వేచ్ఛారాజ్యం పుట్టింది డిసెంబరు 6న. అదే డిసెంబరు 6న ఇక్కడ పెదగడ్డపాలెం వరిపొలాల్లో మలబారు పోలీసుల చేతిలో రాజు దళానికి మొదటి పెద్ద దెబ్బ తగిలింది. ఒక గడిలో జెండా ఎగిరిన రోజు పక్కగడిలో శవాలు లేచాయి. పిల్లలు ఈ రెండు గళ్లనూ పక్కపక్కన పెట్టి చదవాలన్నదే నా కోరిక.

మేనకోడలు: పెళ్లిచూపుల్లో జాతకాలు కలిపినట్టు కలిపారు. పొంతన కుదిరింది సరే, కాపురం మాటేమిటి? తేదీలు కలిసినంత మాత్రాన కారణాలు కలవవు కదా. కాలిన్స్ చనిపోయేనాటికి ఐర్లండులో భూమి తగువు చాలావరకు తీరిపోయింది. 1870 నుంచి వరసగా వచ్చిన భూచట్టాలు, అందులోనూ 1903 నాటి విండమ్ చట్టం, జమీందార్ల భూమిని కౌలుదార్లకు వాయిదాల మీద కొనిపెట్టాయి. 1922లో వాళ్లకు మిగిలింది గద్దె మీద ఎవరు కూచోవాలన్న తగువు. మన్యంలో కథ తలకిందులు. ఇక్కడ గద్దె సంగతి ఎవరికి పట్టింది? పోడు కొట్టుకోనిస్తారా, ఎండుకట్టె తెచ్చుకోనిస్తారా, జీలుగుచెట్టుకు కుండ కట్టుకోనిస్తారా అన్నదే తగువు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదైంది. తాతలు విత్తిన కొండవాలు మీద మనవడు దొంగయ్యాడు. మీ కుడిగడి ఖాళీగా లేదు మావయ్యా, మీకు కనబడటం లేదు. జనవరిలో ఏం రాయాలో చెప్పనా? అడవి గార్డు వచ్చాడు. ఫిబ్రవరిలో? గార్డు వచ్చాడు. మార్చిలో చెట్లు కొట్టి ఎండబెట్టుకున్నారు, గార్డు వచ్చి కోడి పట్టుకుపోయాడు. రోజూ జరిగేదాన్ని 'ముఖ్య సంఘటన' అని ఎవరూ రాయరు. ఒక్కసారి జరిగేదాన్నే రాస్తారు. అందుకే దొరలకు తగిలిన దెబ్బలకు తేదీలున్నాయి, కొండవాళ్లకు తగిలినవాటికి లేవు.

అసలు జనవరితో మొదలై డిసెంబరుతో అయిపోయే ఏడాదే కలెక్టరాఫీసు కొలత. కొండమీద కాలం అలా నడవదు. చైత్రంలో ఇటుకల పండగ, తొలకరికి విత్తులు, ఆ తరవాత ఏ పంటకు ఆ పంట కొత్త తింటారు. కొర్రలకో కొత్త, చిక్కుళ్లకో కొత్త, మామిడికో కొత్త. విత్తుకూ కొత్తకూ మధ్య ఆకలి నెలలు. గాదెలో చోళ్లు అయిపోతాయి, కొండమీద పైరు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి పప్పు ఎండబెట్టి దంచి, వగరు పోయేదాకా గెడ్డనీళ్లలో నానబెట్టి, అంబలి కాచుకుంటారు. సరిగా ఊరకపోతే ఆ అంబలే ప్రాణం తీస్తుంది. మీ చార్టులో ఆగస్టు అంటే చింతపల్లి. వాళ్లకు ఆగస్టు అంటే టెంకపిండి.

మాస్టారు: టెంకపిండి బాగా గుర్తుచేశావు. దాని దగ్గరికి నేనూ వస్తాను. ముందు ఒక్కమాట చెప్పు. కారణం 1882 నాటిదే అనుకుందాం. మరి నలభై ఏళ్లు ఊరుకుని 1922 ఆగస్టులోనే ఎందుకు లేచారు? అందరూ ఎండుగడ్డి గురించే చెబుతారమ్మా, అగ్గిపుల్ల ఎప్పుడు గీశారో చెప్పరు. అది చెప్పడానికే సంవత్సరం కావాలి. ఆ ఏడు ఫిబ్రవరిలో చౌరీచౌరా జరిగింది, గాంధీగారు సహాయనిరాకరణ ఆపేశారు. అదే ఫిబ్రవరి 22న పల్నాడులో పుల్లరి కట్టం అన్నందుకు కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. అదీ అడవి తగువే చూడు, పశువుల మేత మీద పన్ను. కింద మైదానంలో కాంగ్రెసు పొయ్యి ఆర్పేసిన ఆర్నెల్లకు పైన కొండల్లో మంట లేచింది. రాజు కూడా అంతదాకా కొండల్లో ఖద్దరు కట్టమని, కల్లు మానమని, కోర్టులకు పోక తగువులు పంచాయతీలో తీర్చుకోమని చెబుతూ తిరిగినవాడే. ఆ మాటల మనిషి ఆగస్టుకు తుపాకీ పట్టాడు. ఈ మలుపు 1882లో కనబడదు, 1922లోనే కనబడుతుంది. ఇక దగ్గరి నిప్పు బాస్టియన్. గూడెం డిప్యూటీ తాసీల్దారు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించాడు. కూలి ఆరణాలని చెప్పి అణా, రెండణాలు చేతిలో పెట్టాడంటారు. బట్టిపనుకుల గాం అన్నదమ్ములు, గంటందొర, మల్లుదొర, వాడి చేతిలో నష్టపోయినవాళ్లు. నువ్వు చెప్పిన గార్డు ప్రతి ఏడూ వచ్చాడు. బాస్టియన్ మాత్రం ఆ ఏడాది పాపమే.

ఇప్పుడు తేదీల సంగతి. ఆగస్టు 22 చింతపల్లి. 23 కృష్ణదేవిపేట. 24 రాజవొమ్మంగి. మ్యాపు ముందు పెట్టుకుని చూడు. చింతపల్లి పైన పీఠభూమి మీద ఉంది. కృష్ణదేవిపేట కొండ దిగాక పాదాల దగ్గర. రాజవొమ్మంగి అక్కడి నుంచి పడమరగా, గోదావరి వైపు మన్యంలో. నడివానాకాలంలో, గెడ్డలు పొంగుతున్నప్పుడు, దోచిన తుపాకులూ మందుగుండూ భుజాన వేసుకుని, రోజుకో స్టేషను చొప్పున మూడు రోజుల్లో మూడు. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26. రెండున్నర వేల పైచిలుకు తూటాలు. రాజవొమ్మంగి లాకప్పు తాళం తీసి మొట్టడం వీరయ్యదొరను విడిపించుకుపోయారు. తాగి తందనాలాడే గుంపు చేసే పనా ఇది? సర్కారు దీన్ని 'ఫితూరీ' అంది. ఆ మాటలో ఎంత చులకన ఉందో నీకు తెలుసు. కొండవాళ్లకు ఉన్నట్టుండి వచ్చే జ్వరం లాంటిదని దాని భావం. జ్వరం వచ్చినవాడు రోజుకో స్టేషను లెక్కన దారి ఎంచుకోడు. వాళ్ల తరఫున మాట్లాడేవి ఆ మూడు తేదీలే. వాటిని కొట్టేస్తే నీకు మిగిలేది సర్కారువాళ్ల మాట ఒక్కటే.

మేనకోడలు: ఆ తేదీలు రాసింది మాత్రం ఎవరు? ఆ సర్కారే కదా! స్టేషను డైరీ, తాసీల్దారు రిపోర్టు, మద్రాసుకు వెళ్లిన తంతి. గూడెం–రంప ఫితూరీల మీద డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో రాసిన పెద్ద వ్యాసానికైనా ఆధారం ఎక్కువగా సర్కారు కాగితాలే. 1839 నుంచి 1924 దాకా లెక్క పెట్టుకుంటూ వచ్చాడు, కానీ లెక్కకు అందింది సర్కారు కలానికి తగిలినవే. ఆ కలం ఏం చేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. మన విశాఖ కొండల్లోనే, 1900లో, కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అని ఒకడు లేచాడు. వేలమంది ఆయన దగ్గర చేరారు. 1907 నాటి విశాఖ గెజిటీర్‌లో ఫ్రాన్సిస్ దొర ఆ సంగతి రాశాడు. మల్లయ్య తాను పంచపాండవుల్లో ఒకడినన్నాడట, పసికొడుకు కృష్ణుడన్నాడట, జనానికి వెదురుకర్రలు పంచి ఇవే తుపాకులవుతాయన్నాడట. పోలీసు కాల్పుల్లో 11 మంది పోయారు. చదివినవాడికి ఏం గుర్తుంటుంది? వెదురుకర్ర. నవ్వు వస్తుంది. ఆ వేలమంది ఏ బాధతో వచ్చి చేరారో ఆ పేజీలో దొరకదు. శత్రువు పుస్తకంలో నుంచి తేదీ ఒక్కటీ ఏరుకుని, మిగతా రాతను వదిలేస్తానంటే ఎలా కుదురుతుంది మావయ్యా? తేదీతోపాటు ఆ కళ్లూ వస్తాయి.

మాస్టారు: మంచి సాక్షిని తెచ్చావు. వాడినే నా వైపు పిలుస్తాను. 1900లో వెదురుకర్ర తుపాకీ అవుతుందన్న మాట. 1922లో చేతిలో 26 తుపాకులు, నిజమైనవి, గుళ్లతో సహా. ఈ రెంటికీ మధ్య 22 ఏళ్లు. కొండ ఏదో నేర్చుకుందని నీకు అనిపించడం లేదా? ఆ నేర్పు పక్కపక్కన పెట్టిన రెండు తేదీల్లో తప్ప ఇంకెక్కడ కనబడుతుంది? ఇక చింతపల్లిలో జరిగిన ఒక పని విను. తుపాకులు పదకొండు, కత్తులు అయిదు, బాయొనెట్లు పద్నాలుగు, గుళ్లు 1390. ఇవన్నీ దోచుకుని ఊరికే పోలేదు. ఏమేం తీసుకున్నారో స్టేషను పుస్తకంలోనే లెక్క రాసి, కింద రాజు సంతకం పెట్టాడు. సర్కారు కాగితం, సర్కారు సిరా, సర్కారు వాడే పద్దు పద్ధతి. రాసినవాడు మాత్రం సర్కారు కాదు. శత్రువు పుస్తకం మొత్తం శత్రువుదే అన్నావే, ఆ ఒక్క పేజీ కాదమ్మా.

దీనికి ఎడమగడిలో ఒక జోడీ ఉంది. ఫోర్ కోర్ట్స్ మీద ఫిరంగులు పేల్చిన మూడో రోజు, జూన్ 30న, ఆ ఆవరణలోనే ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలిపోయి తగలబడింది. వందల ఏళ్ల వీలునామాలు, పందొమ్మిదో శతాబ్దపు జనాభా లెక్కలు బూడిదై డబ్లిన్ వీధుల్లో ఎగిరాయి. అయినా ఐర్లండు చరిత్ర ఆగిపోయిందా? లేదు. వాళ్లకు పత్రికలున్నాయి, సభ ఉంది, ఉత్తరాలున్నాయి, చచ్చినవాడి గురించి పుస్తకం రాయడానికి బతికున్న స్నేహితుడు ఉన్నాడు. కాగితం కాలినా గొంతు మిగిలింది. మన్యం కాగితాలకు అలాంటి మంట తగల్లేదు. సర్కారు రాతలు మిగిలాయి. మిగలనిది గొంతు. అందుకే మనం ఆ కాగితాన్నే పిండాలి. నువ్వు దాన్ని ముట్టనంటున్నావు. ముట్టకపోతే పిడికెడు పాటలు, ఒక సినిమా మిగులుతాయి. 2022లో ఆర్‌ఆర్‌ఆర్ వచ్చింది కదా, రాజుకు అన్నీ ఇచ్చారు, ఒక్క చింతపల్లి తప్ప.

మేనకోడలు: సినిమా జోలికి పోవద్దులెండి, అది ఇంకో రోజు తగువు. సంతకం సంగతి ఒప్పుకుంటాను, గొప్ప ఆధారమే. అయితే ఆ సంతకం ఎవరిది? పాండ్రంగిలో పుట్టి, మైదానంలో చదువుకుని, కొండెక్కిన రాజుగారిది. చింతపల్లి మీదికి ఆయన వెంట దాదాపు 300 మంది వెళ్లారంటారు. వాళ్లలో సంతకం పెట్టగలిగినవాళ్లు ఎందరు? మీరు 'గొంతు' అన్నది మళ్లీ చదువుకున్నవాడి గొంతే. ఇక ఆ మూడు రోజుల నడక. అందులో ప్లాను ఉందంటున్నారు. వానలో నడిచారు కాబట్టి వానను ఎంచుకున్నారని మీ ఊహ. టెంకపిండి నెలలో ఆకలికి తాళలేక లేచారని నేనంటే? రెండూ ఊహలే. కింద ఏ కాగితమూ లేదు.

మాస్టారు: ఊహే, కాదనను. ఊహలన్నీ ఒక్క తూకం తూగవు మరి. ఆకలే కారణమైతే ముందు కొట్టాల్సింది సంతలో షావుకారు కొట్టు. వాళ్లు ధాన్యం ముట్టలేదు, తుపాకులు ముట్టారు. తరవాతి నెల చూడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడుస్తున్న మన సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లనే పడగొట్టారు. పొదల్లో ఊపిరి బిగబట్టి, దగ్గరగా నడిచిపోతున్న మనిషిని వదిలి, వెనకవాడి కోసం ఆగడమంటే ఎంత కట్టుబాటు కావాలి! వాళ్లిద్దరి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఇక నడక సంగతి. చింతపల్లి నుంచి కృష్ణదేవిపేట దిగే కాలిదారి పాండ్రంగి కుర్రాడికి ఎవరు చెప్పారు? ఏ గెడ్డ ఏ వానకు పొంగుతుందో, ఎక్కడ దాటవచ్చో, ఏ గూడెంలో రాత్రి పడుకోనిస్తారో మైదానం మనిషికి తెలియదు. కింది నుంచి వచ్చే పటాలానికి ఆ నెలల్లో మన్యం జ్వరం అంటే తుపాకీ కన్నా భయం. ఎడ్లబళ్లు ఘాట్ ఎక్కవు. ఇవన్నీ తెలిసినవాళ్లే రాజును నడిపించారు. పుస్తకంలో సంతకం రాజుదే. ఆ మూడు రోజుల దారి మాత్రం మిగతా 300 మందిది. తేదీలు తీసేస్తే పోయేది రాజు కాదమ్మా. రాజుకు విగ్రహాలున్నాయి, జిల్లాకే ఆయన పేరు పెట్టారు. పోయేది వాళ్లు.

మేనకోడలు: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత తగువు లేకపోయేది.

మాస్టారు: నువ్వు అడిగాకే నాకూ తోచింది.

మేనకోడలు: అయినా ఒకటి మిగిలింది. మీ లెక్క మన్యానికి అనుకూలంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. అక్టోబరు 15న అడ్డతీగల మీదికి ముందే కబురు చేసి వచ్చారు, అందుకే తుపాకులు దొరకలేదంటారు. మీరు చెప్పిన ప్లాను అక్కడేమైంది? 19న రంపచోడవరం. డిసెంబరు 6న పెదగడ్డపాలెం. అప్పటికి వానలు వెళ్లిపోయాయి, అరకు వైపు వలిసెలు పసుపుపచ్చగా పూసి వాడే రోజులు. వరిపొలాల్లో మనిషి మైలు దూరానికి కనబడతాడు. అదే దళం అక్కడ దొరికిపోయింది. కొండ నేర్చుకుందన్నారే, మరి అప్పుడేం మరిచిపోయింది?

మాస్టారు: మరిచిపోలేదు, మాటు పోయింది. నా వాదానికి బలమే ఇచ్చావు నువ్వు. వానలున్నంతకాలం గెలుపు వాళ్లది. వానలు వెనకపట్టాక దెబ్బలు వాళ్లకు. మలబారులో మాప్పిళ్ల తిరుగుబాటు అణచడానికి 1921లో పుట్టించిన పటాలాన్ని ఇక్కడికి దింపాక లెక్క మారింది. అడ్డతీగల కబురు మాత్రం నాకూ మింగుడు పడదు. ధైర్యమే కావచ్చు, అతి ధైర్యమూ కావచ్చు. బాణానికి మిరపకాయలు కట్టి పంపిన టపా గురించి జనం ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. తుపాకులు దొరకని దాడి గురించి అంత మురిపెం అక్కర్లేదని నా మటుకు నా అభిప్రాయం. తప్పు కూడా వాళ్లదే. దాన్నీ వాళ్ల పేరునే రాస్తాను.

మేనకోడలు: సరే, ఇప్పుడు నా చదువులోంచి ఒకటి చెబుతాను. తేదీని నేను ద్వేషిస్తున్నానని మీరు అనుకుంటున్నారు. లా చదివేవాళ్లకు అది కుదరదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమి సాగులో ఉండాలి. ఒక్క తేదీ మీద ఒక కుటుంబం కొండవాలు నిలుస్తుంది, లేదా పోతుంది. బొర్రా దగ్గర గనుల లీజుల మీద వెళ్లిన సమతా కేసు చూడండి, అరకు పక్కనే కదా. 1997 జులై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డు ఏరియాలో గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదన్న మాట సర్కారుకు కూడా వర్తిస్తుందంది. ఆ తీర్పుకు పునాది 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ. దాని వెనక 1917 చట్టం. గమనించారా, 1917! ఏజెన్సీ భూములు బయటివాళ్లకు పోకుండా అని చెప్పిన ఆ చట్టం రాజు తుపాకీ పట్టకముందే కాగితం మీద ఉంది. ఐర్లండులో చట్టాలు వచ్చి భూమి చేతికొచ్చింది, ఆ తరవాత 1922 వచ్చింది. ఇక్కడ చట్టం వచ్చింది, భూమి చేతికి రాలేదు, అయినా 1922 వచ్చింది. మీ రెండు గళ్ల మధ్య అసలు తేడా ఇది. ఆగస్టు 22 కలవడం కాదు.

మాస్టారు: బాగుంది. నడిమి గీత మీద రాస్తాను.

మేనకోడలు: ఆగండి, ఇంకా ఉంది. ఆ 2006 చట్టం కింద పెట్టిన నియమాల్లో సాక్ష్యాల జాబితా ఒకటి ఉంది. సర్కారు రికార్డులతోపాటు, ఊరి పెద్దలు నోటితో చెప్పినదాన్ని కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. నూటపాతిక ఏళ్లు అటవీశాఖ రాతే రాతగా నడిచిన చోట, ముసలాయన మాటకు చట్టంలో చోటు దొరికింది. చట్టమే ఒప్పుకున్నదాన్ని మీ చార్టు ఎందుకు ఒప్పుకోదు? బట్టిపనుకుల వైపో పెద్దవలస వైపో వెళ్లి, తాతలు చెప్పుకున్నది అడిగి, అది మూడో గడిలో రాయించండి. తేదీ లేకపోయినా ఫరవాలేదు. 'ఆ వానాకాలం' అని రాయండి.

మాస్టారు: తాతలు చెప్పుకున్నదానిలో నూరేళ్లలో సినిమా ఎంత కలిసిందో, బడిపుస్తకం ఎంత కలిసిందో ఎవరు వడబోస్తారు? నేను బడుల్లో చెప్పిన పాఠమే ఇరవై ఏళ్ల తరవాత ఏదో గూడెంలో తాతల కథగా నాకు తిరిగి వస్తే? నవ్వకు. చరిత్ర మాస్టార్లకు అలాంటి భయాలుంటాయి. ఎడమగడిలోవాళ్లకు ఈ బాధ తక్కువ. యుద్ధం చేసినవాళ్లు బతికుండగానే చాలామంది రాసి పెట్టుకున్నారు. మనకూ ఒక్కడు బతికి వచ్చాడు. గాం మల్లుదొర. 1923లో పట్టుబడ్డాడు, ఉరిశిక్ష వేసి, యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కొండమీది ముఠా నుంచి అండమాన్‌కు, అక్కడి నుంచి ఢిల్లీ పార్లమెంటుకు. ఆయనను కూచోబెట్టి ఆ మూడు రోజుల దారి ఏ గూడెం మీదుగా పోయిందో ఒక్కొక్క గెడ్డా చెప్పించుకుని ఉంటే ఇవాళ మనకు ఈ తగువు ఉండేది కాదు.

మేనకోడలు: మూడో గడికి ఒప్పుకున్నట్టేనా?

మాస్టారు: గడి గీస్తాను. పైన ఏం పేరు పెట్టాలో తోచడం లేదు. 'విన్నవి' అని పెట్టనా?

మేనకోడలు: 'విన్నవి' అని పెడితే మిగతా రెండూ చూసినవి అనుకుంటారు పిల్లలు. అవీ విన్నవే కదా, పోలీసుల దగ్గర. పేరు తరవాత చూద్దాం. ముందు ఆగస్టు 22 కింద మీరన్న 300 మందికి చోటు వదలండి. పేరు తెలిసినవాళ్లను రాసుకుందాం. రాజు కాక.

మాస్టారు: గాం గంటందొర. గాం మల్లుదొర. పెద్దవలస కంకిపాటి ఎండు పడాలు. గోకిరి ఎర్రేసు. అగ్గిరాజు ఉన్నాడు గానీ కొండవాడు కాదు. మొట్టడం వీరయ్యదొర...

మేనకోడలు: వీరయ్యదొర ఆ రోజు చింతపల్లిలో ఎలా ఉంటాడు మావయ్యా? రాజవొమ్మంగి లాకప్పులో ఉన్నాడని ఇందాక మీరే చెప్పారు.

మాస్టారు: అవునవును. ఆ రబ్బరు ఇలా ఇయ్యి. ఆయన్ను 24 దగ్గర రాస్తాను.